ఆమె రహస్యం కాదు, మనిషి: ఒక గేమింగ్ ప్రేమ నవల ఎందుకు తేలిపోయింది

మీరు అడిగింది ముందు కుదించి చెబుతాను. ఇద్దరు ఒక ఆన్‌లైన్ గేమ్‌లో పరిచయమై మూడేళ్లు కలిసి ఆడతారు. నాయిక ట్రాన్స్ మహిళ, అంటే పుట్టినప్పుడు మగబిడ్డ అనుకున్నా తాను మహిళనని తెలుసుకున్న మనిషి. ఆ సంగతి నాయకుడికి తెలీదు. సగం పుస్తకం దాటాక ఇద్దరూ నేరుగా కలుస్తారు, విషయం బయటపడుతుంది, అతను కోపంతో వెళ్లిపోతాడు. ఒక స్నేహితుడు చీవాట్లు పెడితే తిరిగొచ్చి క్షమాపణ అడుగుతాడు, ఆమె క్షమిస్తుంది, చివర్లో పెళ్లి. చుట్టూ అందరూ ఈ నవలను మెచ్చుకుంటున్నారు, మీకు మాత్రం విసుగొచ్చింది. "తేడా పుస్తకంలో ఉందా, నా మనసులో ఏదైనా వివక్ష ఉందా? అసలు ఇలాంటి కథ ఎలా రాస్తే బాగుండేది?" అన్నది మీ ప్రశ్న.

ప్రేమ నవలల రాతప్రతులు అచ్చుకు వెళ్లకముందే చదివి, ఎక్కడ కథ జారిపోయిందో చెప్పడం చాలాకాలంగా నా పని. ఖాళీ దొరికితే గేముల్లో హీలర్‌గా, అంటే జట్టులోవాళ్ల గాయాలు మాన్పే పాత్రతో, ఆడతాను. కాబట్టి ఈ నవలతో నాకు రెండు వైపుల నుంచీ పేచీ ఉంది.

వివక్ష సంగతి ముందు తేల్చేద్దాం. మీరే రాశారు కదా, అర్ధరాత్రి దాటాక నాయిక కొత్తగా చేరిన ఒక కుర్రాడికి ఓపిగ్గా ఆట నేర్పించే సన్నివేశం పుస్తకం మొత్తంలో మీకు బాగా నచ్చిందని. ఆమె ట్రాన్స్ కావడం మీకు ఇబ్బంది అయ్యుంటే ఆ సన్నివేశం కూడా నచ్చేది కాదు. అక్కడ ఆమె ఒక మనిషిగా కనిపించింది, ఏదో ఒక పని చేస్తూ కనిపించింది. మిగతా పుస్తకంలో ఆమె చేసే పని ఒక్కటే, దాచడం. మీకు విసుగు తెప్పించింది ఆ దాచడం. ఒక ట్రాన్స్ పాత్ర ఉన్న పుస్తకం నచ్చకపోతే ట్రాన్స్ మనుషులు నచ్చనట్టు కాదు. మంచి ఉద్దేశంతో రాసిన పుస్తకానికి మార్కులు వేయకపోతే ఏదో పాపం చేసినట్టు టెన్షన్ పడే పాఠకులు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ మొహమాటం వల్ల నష్టపోయేది ఇవే కథలు బాగా రాస్తున్న వాళ్లు.

ఇక అసలు లోపం. ఈ నవల నాయిక ట్రాన్స్ కావడాన్ని కథకు ముడిగా వాడుకుంది. మొదటి పేజీ నుంచీ పాఠకుడికి తెలుసు, అతనికి తెలీదు. దాంతో మన చదువంతా "ఎప్పుడు తెలుస్తుంది, తెలిస్తే ఏమవుతుంది" అనే ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. వీళ్లిద్దరూ ఒకరికొకరు ఎందుకు నచ్చారన్నది అడగడానికి కథలో చోటే మిగల్లేదు. పైగా రహస్యం చుట్టూ కథ అల్లితే ఆ రహస్యం ఉన్న మనిషి తనంతట తానే దోషి అయిపోతుంది. ప్రతి ప్రేమ మాటా ఒక అబద్ధంలా వినిపిస్తుంది. చివరికి అతను "నన్ను మోసం చేశావు" అని అరిస్తే, రచయిత్రి ఒప్పుకోకపోయినా, కథ కట్టిన తీరు మాత్రం అవునన్నట్టే ఉంటుంది.

ఆ "మోసం" అనే మాటకు బయట చాలా బరువుంది. ట్రాన్స్ మహిళల మీద దాడి చేసినవాళ్లు, చంపినవాళ్లు కోర్టుల్లో ఇదే వాదన తెచ్చారు: ఆమె ఎవరో తెలిసి షాక్‌లో విచక్షణ కోల్పోయాను అని. దీన్ని ట్రాన్స్ పానిక్ వాదన అంటారు. అమెరికాలో ఈ వాదనకు చట్టం ద్వారా అడ్డుకట్ట వేసిన మొదటి రాష్ట్రం కాలిఫోర్నియా, అదీ 2014లో. ఆ నేపథ్యం తెలిసిన ట్రాన్స్ పాఠకురాలు ఈ నవలలో అతను బల్ల మీద గుద్ది లేచే చోట ప్రేమకథ చదవడం ఆపేస్తుంది. ఆమెకు అక్కడ కనిపించేది ప్రమాదం. రచయిత్రి మాత్రం దాన్ని ప్రేమికుల అలకలా దాటించేసింది.

అంతకన్నా నమ్మశక్యం కానిది, నాయిక ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా, అతనికి ఏమీ తెలియజేయకుండా కలవడానికి వెళ్లడం. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు దాదాపు ఎప్పుడూ ముందే లెక్కలు వేసుకుంటారు. ఎప్పుడు చెప్పాలి, మెసేజ్‌లో చెప్పాలా మాటల్లోనా, జనం ఉన్న చోటేనా, ఎవరైనా ఫోన్‌లో అందుబాటులో ఉన్నారా. చెప్పడం, చెప్పకపోవడం అనేది ఆమెకు ముందు భద్రతకు సంబంధించిన విషయం, ఆ తర్వాతే నిజాయితీకి సంబంధించినది. ఆ లెక్కలు చూపించి ఉంటే ఉత్కంఠ కావలసినంత ఉండేది, ఆమె తెలివీ కనిపించేది.

ఇప్పుడు గొంతు గురించి. ఈ కథకు గుండెకాయ అక్కడుంది, నవల దాన్ని చూడనే లేదు.

టెక్స్ట్ చాట్‌లో మనిషిని పట్టించేది రాసే తీరు ఒక్కటే. మైక్ ఆన్ చేయగానే లెక్క మారిపోతుంది, గొంతు విన్న మొదటి సెకనులోనే ఎదుటివాళ్లు ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. బాస్ అనే పెద్ద శత్రువును చాలామంది కలిసి ఓడించే రైడ్‌లలో మాట్లాడకుండా నెట్టుకురావడం కష్టం. సెకన్ల మీద నడిచే ఆటలో టైప్ చేసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే టీమ్‌స్పీక్, వెంట్రిలో అనే పాత వాయిస్ చాట్ ప్రోగ్రాముల రోజుల నుంచే గిల్డ్‌లు, అంటే కలిసి ఆడే ఆటగాళ్ల బృందాలు, మైక్ అడిగేవి. 2015లో డిస్కార్డ్ అనే చాట్ యాప్ వచ్చాక వాయిస్ చాట్ ఇంకా మామూలైపోయింది. టెక్స్ట్‌లో హాయిగా ఉన్న ట్రాన్స్ మహిళకు సరిగ్గా అక్కడ గోడ అడ్డం వస్తుంది. ప్రతి గిల్డ్‌లో "నా మైక్ పనిచేయదు" అనే ఒక సభ్యురాలు ఉంటుంది. ఏళ్లు గడిచినా ఆ మైక్ బాగుపడదు, ఎవరూ గుచ్చి అడగరు. కారణాలు రకరకాలు, అందులో ఇదీ ఒకటి.

నవలలో ఏం జరిగింది? హార్మోన్ మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఆమె గొంతు మృదువైపోయిందని ఒక్క వాక్యం. ఇది శుద్ధ తప్పు. కౌమారంలో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ వల్ల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంతువులు మందమవుతాయి. తర్వాత స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఎంత తీసుకున్నా ఆ మార్పు వెనక్కి రాదు. ట్రాన్స్ పురుషుల విషయంలో టెస్టోస్టెరాన్ గొంతును దించుతుంది, అలా దిగిన గొంతును ఈస్ట్రోజెన్ మాత్రం పైకి లేపలేదు. ట్రాన్స్ మహిళలు గొంతు మార్చుకోవాలనుకుంటే సాధన చేయాలి, కొందరు శస్త్రచికిత్సకూ వెళతారు. సాధన అంటే శ్రుతి పెంచి సన్నగా మాట్లాడటం ఒక్కటే కాదు. శబ్దం గొంతులో, నోటిలో ఎక్కడ మోగుతోంది, మాట ఎలా ఎత్తుకుంటున్నాం, ఎలా దింపుతున్నాం అన్నవన్నీ మార్చుకోవాలి. నెలల తరబడి రికార్డ్ చేసుకుని వినడం, నచ్చక చెరిపేయడం, మళ్లీ మొదలుపెట్టడం. తుమ్ము వచ్చినా, గట్టిగా నవ్వినా, ఉలిక్కిపడ్డా పాత గొంతు బయటపడుతుందని భయం. అలా భయపడే మనిషిని రైడ్ మధ్యలో నిలబెట్టి చూడండి, ఎన్ని సన్నివేశాలు పుట్టుకొస్తాయో!

నేనైతే ఇలా రాయమనేవాణ్ణి. ఆమె మాట్లాడదని అతనికి తెలుసు. కారణం అడగడు. ఆమె ఒక్క మీట నొక్కితే "నన్ను కాపాడు", ఇంకోటి నొక్కితే "వెనక్కి రా" అని తెరమీద పడేలా తన గిల్డ్ మొత్తానికి ఒక సంకేతాల పద్ధతి తయారుచేస్తాడు. "అందరికీ సులువు కదా" అంటాడు. ఎవరికోసం చేశాడో ఆమెకు తెలుసు. వంద పొగడ్తల కన్నా ఇది పెద్ద ప్రేమ. ఆ తర్వాత ఆమె మొదటిసారి మైక్ ఆన్ చేసే రాత్రి ఏ ముద్దు సన్నివేశానికీ తీసిపోదు. హార్మోన్ల మీద ఆ ఒక్క తప్పుడు వాక్యం వల్ల రచయిత్రి ఇదంతా పోగొట్టుకుంది. సరైన సమాచారం ఉంటే కథ బరువెక్కుతుందని కొందరు అనుకుంటారు. ఇక్కడ సరైన సమాచారమే కథను ఇచ్చేది.

ఆడ పాత్రను ఎంచుకోవడం గురించి కూడా నవల తేలిగ్గా తేల్చేసింది. ఆట మొదట్లో తెరమీద అమ్మాయి బొమ్మను ఎంచుకున్న రోజే ఆమెకు తానెవరో తెలిసిపోయిందట. చాలామంది ట్రాన్స్ మనుషులు గేమ్ పాత్రే తమకు మొదటి అద్దం అని చెబుతారు, అది నిజమే. కానీ ఆడ పాత్రతో ఆడే మగవాళ్లు కోకొల్లలు, వాళ్లలో ఎక్కువమంది ట్రాన్స్ కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆటగాళ్ల మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో మగవాళ్లలో 23 శాతం మంది ఆడ పాత్రను ఎంచుకున్నారు, ఆడవాళ్లలో మగ పాత్రను ఎంచుకున్నది 7 శాతం. కాబట్టి బొమ్మ ఎంపిక రుజువు కాదు, కథకు ఆరంభం మాత్రమే. తేడా తర్వాత తెలుస్తుంది. ఎవరో తనను "ఆమె" అని పిలిస్తే సరిదిద్దకుండా ఊరుకోవడం, ఆ పిలుపు కోసమే మళ్లీ లాగిన్ కావడం, "చూడ్డానికి బాగుంటుందని ఆడ బొమ్మ పెట్టుకున్నా" అని అడక్కుండానే సంజాయిషీ ఇవ్వడం, కంప్యూటర్ ఆపేశాక నల్లటి తెరలో తన మొహం కనిపించడం. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇంకో ఆన్‌లైన్ గేమ్‌లో ఫాంటాసియా అని ఒక సీసా ఉంటుంది. తాగితే పాత్ర జాతి, లింగం, రూపురేఖలు అన్నీ మార్చుకోవచ్చు. ట్రాన్స్ ఆటగాళ్లు దాని మీద వేసుకునే జోకుల్లో సగం నవ్వు, సగం ఏడుపు. అలాంటి ఒక్క జోకు చాలు పాత్రకు ప్రాణం రావడానికి. ఈ నవలలో నాయిక ఒక్కసారి కూడా జోకు వేయదు, గమనించారా?

పేర్ల విషయం కూడా అంతే. గేమ్‌లో పేరు మనం పెట్టుకున్నదే, తల మీద తేలుతూ ఉంటుంది. దాని వెనక మాత్రం బిల్లు కట్టే పేరు, ఈమెయిల్ పేరు ఉంటాయి. 2010 జూలైలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ తన చర్చా వేదికల్లో ఆటగాళ్ల అసలు పేర్లు కనిపించేలా చేస్తామని ప్రకటించింది. గగ్గోలు పుట్టి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. పాత పేరు బయటపడితే ఎవరి బతుకు ఎంత తలకిందులవుతుందో ఆ గొడవలో చాలామందికి మొదటిసారి అర్థమైంది. ఒక బహుమతి కోడ్ పంపితే వచ్చే రసీదులో పాత పేరు కనిపించే అవకాశం, స్నేహితుల జాబితాలో ఈమెయిల్ కనిపించే అవకాశం, ఇవన్నీ ఈ కథలో సహజంగా వచ్చే మలుపులు. రచయిత్రి మాత్రం రెస్టారెంట్‌లో ఎవరో పాత స్నేహితుడు ఎదురుపడి నోరు జారడం దగ్గరే ఆగిపోయింది. సీరియళ్లలో అరిగిపోయిన మలుపు అది.

ఆట గురించి మొదలుపెడితే నేను ఆపలేను, కాబట్టి అదుపులో పెట్టుకుంటాను. మూడేళ్ల స్నేహానికి ఆధారంగా నవలలో ఉన్నవి ఏదో ఒక డ్రాగన్‌ను రెండుసార్లు చంపడం, "రోజూ గంటల తరబడి ఆడేవాళ్లు" అనే మాట. అతను ట్యాంక్, ఆమె హీలర్ అని ఒకచోట రాశారు, ఆ తర్వాత ఆ ఊసే లేదు. ట్యాంక్ అంటే దెబ్బలన్నీ తన మీద వేసుకునేవాడు. హీలర్ చూపంతా అతని ప్రాణం చూపించే గీత మీదే ఉంటుంది. అతను ఎప్పుడు కంగారు పడతాడో, ఎప్పుడు అతి ధైర్యంతో ముందుకు దూకుతాడో అతనికన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. ఒకే బాస్ చేతిలో వారాల తరబడి చచ్చి, మళ్లీ లేచి, ఎవరి తప్పో తిట్టుకోకుండా మళ్లీ నిలబడటంలో మనుషుల గుణం బయటపడుతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మొదటి రోజుల్లో ఒక్కో రైడ్‌కు 40 మంది కావలసి వచ్చేది. అంతమందినీ పోగేసే లోపు బోలెడు ఖాళీ సమయం. కబుర్లన్నీ అక్కడే నడిచేవి. ప్రేమ పుట్టేది డ్రాగన్ దగ్గర కాదు, డ్రాగన్ కోసం ఎదురుచూసే ఆ ఖాళీలో.

ఇలాంటి స్నేహాలు ఉత్తుత్తివని అనుకునేవాళ్లకు నేను మాట్స్ స్టీన్ సంగతి చెబుతుంటాను. నార్వే యువకుడు, డుషేన్ కండరాల క్షీణత అనే జబ్బుతో చక్రాల కుర్చీలో గడిపాడు, 2014లో 25 ఏళ్ల వయసులో చనిపోయాడు. కొడుకు స్నేహితులు లేకుండా ఒంటరిగా బతికాడని తల్లిదండ్రులు బాధపడ్డారు. అతను పోయిన సంగతి అతని బ్లాగులో రాస్తే, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో అతనితో ఆడినవాళ్ల నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. చాలాకాలం అతని శరీరం ఎలా ఉంటుందో వాళ్లలో చాలామందికి తెలీదు, కానీ మనిషి బాగా తెలుసు. శరీరం తెలియకుండా మనిషి తెలియడం ఎలా ఉంటుందన్నదే ఈ నవల అడగాల్సిన ప్రశ్న. మూడేళ్లు మనసుకు దగ్గరైన ఇద్దరు ఇప్పుడు శరీరాలతో ఎదురుపడాలి, ఇద్దరికీ సిగ్గు, ఇద్దరికీ భయం. ఆ కోణంలో చూస్తే అతనికీ దాచుకోవడానికి ఏదో ఉండాలి. ఈ నవలలో అతనికి ఏ లోటూ లేదు. అందంగా ఉంటాడు, మంచి ఉద్యోగం, తీర్పు చెప్పే కుర్చీ కూడా అతనిదే.

ప్రేమ నవలకు రెండే నియమాలని ఆ రంగంలోని అమెరికా రచయితల సంఘం ఎప్పుడో చెప్పింది: కథ మధ్యలో ప్రేమ ఉండాలి, ముగింపు మనసు నింపేలా, ఆశ కలిగించేలా ఉండాలి. ఈ నవల రెండో నియమం కోసం పెళ్లి పెట్టింది, మొదటిది మరిచిపోయింది. చివరి భాగంలో విడిపోయి మళ్లీ కలవడం ఈ తరహా నవలల్లో మామూలే, దాని మీద నాకేమీ ఫిర్యాదు లేదు. కానీ ఆ విడిపోవడం వాళ్ల స్వభావాల్లోంచి రావాలి: ఒకరి పంతం, ఇంకొకరి పిరికితనం, చెప్పకుండా తీసుకున్న ఏదో నిర్ణయం. ఆమె పుట్టుకలోంచి వస్తే, సర్దుకోవాల్సిన భారం ఆమె మీదే పడుతుంది. ఇక క్షమాపణ. అతను మారాడని మనకు ఎలా తెలుసు? స్నేహితుడు తిట్టాడు, వచ్చాడు. ఆ మధ్యలో అతను ఏం చదివాడు, ఎవరిని అడిగాడు, తన గురించి తనకు ఏం తెలిసి సిగ్గుపడ్డాడు? ఏమీ లేదు. ఆమె ఒకే పేజీలో క్షమించేసింది. క్షమించే హక్కు ఆమెదే, కాదనను. కానీ ఆమె కోపగించుకునే హక్కును రచయిత్రి లాగేసుకుంది.

ఇంకో చిన్న విషయం. నాయికకు ట్రాన్స్ స్నేహితులు ఒక్కరూ లేరు. ఆన్‌లైన్‌లో అంత కాలం గడిపే ట్రాన్స్ మహిళకు ఇది దాదాపు అసాధ్యం. చాలామందికి మందుల గురించి, గొంతు సాధన గురించి మొదటి మాట చెప్పేది అలాంటి స్నేహితులే. నవలలో ఆమెకు సలహా ఇచ్చేది ఒక డాక్టర్, ఆయన కూడా ట్రాన్స్ కావడాన్ని మానసిక వ్యాధి అనే అంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వ్యాధుల వర్గీకరణలో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేసింది, అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. పాత బుర్ర ఉన్న డాక్టర్‌గా చూపిస్తే తప్పులేదు, అలాంటివాళ్లు ఉన్నారు. ఇక్కడ మాత్రం ఆయన మాటే కథ మాటలా వినిపిస్తుంది.

రచయిత్రి ట్రాన్స్ కాకపోవడమే కారణమా అని చివర్లో అడిగారు. నేనలా అనుకోను. సొంత అనుభవం ఉన్నవాళ్లకు ఇలాంటి తప్పులు దొర్లే అవకాశం తక్కువ, అంతే. పైగా రచయితల గుర్తింపును పట్టి చూడటం మొదలుపెడితే, ఇంకా బయటికి చెప్పుకోని వాళ్లను బలవంతంగా బయటికి లాగినట్టవుతుంది. పాత్రల గుర్తింపే తమకూ ఉన్న రచయితల పుస్తకాలను చాటడానికి, సొంత గొంతులు అనే అర్థంలో 2015లో మొదలైన ఓన్ వాయిసెస్ అనే హ్యాష్‌ట్యాగ్‌ను, దాన్ని బాగా ప్రచారం చేసిన సంస్థే 2021లో పక్కన పెట్టింది. ఈ రచయిత్రి చేయాల్సింది ఇద్దరు ముగ్గురు ట్రాన్స్ పాఠకులకు డబ్బిచ్చి రాతప్రతి చదివించుకోవడం, వాళ్లు చెప్పింది వినడం. గొంతు మీద ఆ వాక్యం వాళ్ల చూపు తప్పించుకుని అచ్చు దాకా వచ్చేది కాదు.

రివ్యూ రాయాలా వద్దా అని తటపటాయిస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, రాయండి. "ట్రాన్స్ కథ కాబట్టి నచ్చలేదు" అనిపించుకుంటానన్న భయం ఉంటే, నచ్చిన ఆ అర్ధరాత్రి సన్నివేశంతోనే మొదలుపెట్టండి. అలాంటివి ఇంకా ఎందుకు లేవని అడగండి. ఇక తర్వాతి పుస్తకం ఎంచుకునేటప్పుడు వెనక అట్ట మీది పరిచయం చదవండి. అక్కడ "ఆమె దాచిన నిజం", "అన్నీ తలకిందులయ్యే రోజు" లాంటి మాటలుంటే ఇదే కథ మళ్లీ వస్తోందని అర్థం. ఆమె ట్రాన్స్ అన్న సంగతి మొదటి వాక్యంలోనే మామూలుగా చెప్పేసి, ఆ తర్వాత ఆమె ఏం చేస్తుందో, ఏం కోరుకుంటోందో చెబితే మాత్రం కొనండి.